జన్యువు నోరు నొక్కితే చస్తున్న రక్తపు క్యాన్సర్ కణాలు

మనిషి ఒంట్లో ప్రతి కణానికీ ఒక ఆయుష్షు ఉంది. రక్తంలో ఎర్ర కణం సుమారు 120 రోజులు బతుకుతుంది. తెల్ల కణాల్లో చాలావరకు కొద్ది గంటలకో, కొద్ది రోజులకో రాలిపోతాయి. పండుటాకు రాలి చిగురు వేసినట్టు, పాతవి పోతుంటే ఎముకల్లోని మూలుగ కొత్తవాటిని తయారు చేస్తుంది. ఈ లెక్క తప్పి, తెల్ల కణాలు చావకుండా పెరుగుతూ పోతే అది రక్తపు క్యాన్సర్. డాక్టర్లు లుకేమియా అంటారు.

ఈ జబ్బులో ఒక రకం కణాల్లో ఒకే ఒక్క జన్యువును పనిచేయనీయకుండా ఆపితే, చావడం మరచిన ఆ కణాలు మళ్ళీ చావడం మొదలు పెడుతున్నాయని ప్రయోగశాలల్లో తేలింది.

ఆ రకం పేరు క్రానిక్ మైలాయిడ్ లుకేమియా. నెమ్మదిగా ముదురుతుంది. ఘన మిల్లీమీటరు రక్తంలో 4 వేల నుంచి 11 వేల దాకా ఉండాల్సిన తెల్ల కణాలు లక్ష కూడా దాటుతాయి. ఎడమ డొక్కలో ప్లీహం వాచి బరువుగా ఉంటుంది. నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండిపోతుంది. మనిషి చిక్కిపోతాడు. ప్లీహం ఇలా పెరగడాన్నే పెద్దవాళ్ళు కడుపులో బల్ల అనేవారు. మలేరియాకు కూడా బల్ల పెరుగుతుంది. అందుకే రక్తపరీక్ష చేయించనిదే ఏదీ తేలదు.

సరిహద్దు రాయి జరిగితే...

అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో 1960లో నోవెల్, హంగర్‌ఫర్డ్ అనే ఇద్దరు ఈ రోగుల కణాల్లో ఒక క్రోమోజోము పొట్టిగా ఉండడం చూశారు. 1973లో చికాగోలో జానెట్ రౌలీ అనే డాక్టరమ్మ దాని గుట్టు విప్పారు. 9వ క్రోమోజోము ముక్క 22వ దానికి, దాని ముక్క దీనికి మారిపోయాయి. సరిహద్దు రాయి జరిగి రెండు సర్వే నంబర్లు కలిసినట్టు, రెండు జన్యువులు అతుక్కుని బీసీఆర్-ఏబీఎల్ అనే కొత్త జన్యువు తయారైంది. కణానికి అది ఎడతెగకుండా ఇచ్చే ఆజ్ఞ ఒక్కటే: పెరుగు, చావకు.

ఈ తారుమారు పుట్టుకతో వచ్చేది కాదు. తల్లిదండ్రుల నుంచి బిడ్డలకు రాదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు. (పెళ్ళి సంబంధాలు చూసేవారు ఈ మాట గుర్తుంచుకుంటే మంచిది.)

నకలు చింపడం

జన్యువు తహసీల్దారు ఆఫీసు బీరువాలోని అసలు దస్తావేజు లాంటిది. అది బయటికి రాదు, దాని నకలే వస్తుంది. ఆ నకలును ఆర్ఎన్ఏ అంటారు. కణంలో పని జరిగేది దాన్ని చూసే. నకళ్ళు వచ్చినవి వచ్చినట్టే చింపేస్తే, అసలు భద్రంగా ఉన్నా దాని మాట సాగదు. జన్యువు నోరు నొక్కడమంటే ఇదే.

ఈ కిటుకు మనిషి కనిపెట్టక ముందు నుంచే మొక్కల్లో, పురుగుల్లో ఉంది. అమెరికాలో పెటూనియా పూలకు ఇంకా ముదురు రంగు తెద్దామని రంగు జన్యువు మరొకటి చేరిస్తే, కొన్ని పూలు తెల్లగా పూశాయి. 1990లో ఈ సంగతి బయటపడింది. అసలు కారణాన్ని 1998లో ఫైర్, మెల్లో అనే శాస్త్రజ్ఞులు ఒక సన్నని పురుగులో చూపి, 2006లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

2002లో జర్మనీ పరిశోధకులు దీన్ని లుకేమియా కణాలపై ప్రయోగించారు. ఒక అమెరికా రోగి నుంచి తీసి 1970 దశకం నుంచి సీసాల్లో పెంచుతూ వస్తున్న కె562 కణాలు అవి. బీసీఆర్-ఏబీఎల్ నకలుకు మాత్రమే అతికే చిన్న ఆర్ఎన్ఏ తునకలను లోపలికి పంపారు. నకళ్ళు తగ్గాయి. కణాలు తమంతట తామే చావడం మొదలు పెట్టాయి.

మంచి కణాల్లో ఈ అతుకుల జన్యువు ఉండదు. కాబట్టి దెబ్బ చెడ్డవాటికే తగులుతుంది. పాత మందులకు ఈ తేడా తెలియదు. 1895లో భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధన విభాగానికి పెద్దగా ఉన్నప్పుడు అక్కడ తయారైన అమినోప్టెరిన్‌ను, బోస్టన్‌లో డాక్టర్ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇచ్చారు. కొందరికి జబ్బు తాత్కాలికంగా తగ్గిందని 1948లో ప్రకటించారు. పైరుకు ఎరువు అందకుండా చేసినట్టు, అది కణానికి ఫోలిక్ ఆమ్లం దక్కనివ్వదు. కలుపుతో పాటు పైరూ వాడిపోతుంది.

మరి నకలు చింపే మందు రోగులకు ఇవ్వరేం? ఆర్ఎన్ఏ తునక రక్తంలో నిలవదు, తొందరగా విరిగిపోతుంది. ఈ పద్ధతి మందుల్లో మొదటిదానికి అమెరికాలో 2018లో అనుమతి దొరికింది. అది కాలేయానికి చేరే మందు, వేరే జబ్బుకు. మూలుగలో దాగిన లుకేమియా కణాలకు చేర్చడం కష్టంగానే ఉంది. పైగా ఆఫీసు కొత్త నకళ్ళు ఇస్తూనే ఉంటుంది, ఒకసారి చింపితే సరిపోదు. జన్యువు నోరు మూసి లుకేమియా నయం చేస్తామని ఎవరైనా డబ్బు అడిగితే నమ్మనక్కర లేదు.

ఈ రోగులను ఆదుకుంటున్నది ఇమాటినిబ్ మాత్ర. 2001లో అమెరికాలో అనుమతి పొందింది. అది నకలును చింపదు. నకలును చూసి తయారైన ప్రొటీను చేతులు కట్టేస్తుంది. ఈ మాత్రతో చికిత్స మొదలు పెట్టిన రోగుల్లో 10 ఏళ్ళ తర్వాత నూటికి 83 మంది బతికే ఉన్నట్టు ఒక పెద్ద పరీక్షలో తేలింది. అయితే ఒళ్ళు బాగుపడింది కదా అని సొంతంగా మాత్ర ఆపేస్తే, మూలుగలో మిగిలిన కణాలు మళ్ళీ లేస్తాయి. ఆపవచ్చునా లేదా చెప్పాల్సింది డాక్టరే. అందుకే మొదట్లో మూడేసి నెలలకు ఒకసారి రక్తం తీసి పరీక్షకు పంపుతారు. ఆ పరీక్షలో లెక్కపెట్టేది బీసీఆర్-ఏబీఎల్ నకళ్ళు ఇంకా ఎన్ని ఉన్నాయనే.