తిరిగి రావలసిన పన్ను

మన లాలాపేటనుండి నాచారము పారిశ్రామికవాడకు బోయి చిన్న గుత్తపనులు చేయువారు కలరు. బిల్లు నిర్ణీత పరిమితిని మించినచో, కంపెనీవారు నూటికి 1 రూపాయి చొప్పున ఆదాయపు పన్ను ముందుగనే కోసి ప్రభుత్వమునకు కట్టుదురు. పాన్ సంఖ్య నీయనివారికి ఆ కోత నూటికి 20 రూపాయలగును.

సంవత్సరాదాయముపై పన్ను పడనివారికి ఈ సొమ్మంతయు తిరిగి రావలసినదే. అయితే అది తనంతట రాదు. గడువులోపల రిటర్ను దాఖలు చేసినవారికే బ్యాంకు ఖాతాలో జమయగును. ఆదాయపు పన్ను శాఖవారి వెబ్‌సైటులో దీనికి రుసుమేమియు లేదు.

ఎక్కువ సొమ్ము తెప్పింతుమని చెప్పి వాటా కోరు దళారులను నమ్మరాదు. వారు వ్రాసిన అబద్ధపు మినహాయింపులకు బాధ్యుడు రిటర్ను ఎవరిపేర నున్నదో అతడే. ఎగవేసిన పన్నునకు రెట్టింపు జుల్మానా పడవచ్చును.

పిల్లల ఉపకారవేతనమునకు మాత్రము తహశీలుదారు ఇచ్చు ఆదాయ ధ్రువపత్రము వేరుగ కావలెను. దానికి మీసేవ కేంద్రమున దరఖాస్తు చేసికొనవచ్చును.

విద్యార్థులారా! మీరు నేర్చిన చదువు ముందుగ మీ యింటికి అక్కఱకు రావలెను. తల్లిదండ్రులకు ఈ కాగితములు చదివి వినిపింపుడు. ఫోనునకు వచ్చిన ఓటీపీని పరులకు చెప్పనీయకుడు. చెల్లింపవలసినది చెల్లించుట యెట్లు ధర్మమో, కష్టార్జితమును న్యాయముగ తిరిగి పొందుటయు నట్లే ధర్మము.