వేగపు కారునకు వెనుక సస్పెన్షను

కారు వేగము ఇంజనుపై ఆధారపడియుండునని పలువురు తలంతురు. కాని ఇంజను పుట్టించిన బలము పనికివచ్చునది టైరు నేలను తాకు చోటనే. సుమారు అరచేయంత ఉండు ఆ తావు నేలపై పట్టు కోల్పోయినచో ఎంత శక్తిగల ఇంజనైనను నిరర్థకము. మలుపులో పట్టు తప్పినచో ప్రాణాపాయము. టైరును నేలకు అంటియుండునట్లు చేయు అమరికయే సస్పెన్షను. అందలి భాగములను మార్చినచో ఏమి జరుగునో ఒక ఉదాహరణముతో పరిశీలింతము.

అమెరికాలో ఫోర్డు కంపెనీవారి మస్టాంగ్ కారు 1964లో వెలువడినది. దాని వెనుక చక్రములు రెండును ఒకే దృఢమైన ఇరుసునకు బిగింపబడి, మన లారీలలోవలె కమాను పట్టీలపై ఆనియుండెడివి. 2005 నుండి 2014 వరకు వచ్చిన నమూనాలలో కూడ ఇట్టి ఇరుసే ఉన్నది. అయితే కమానులకు బదులు చుట్ట స్ప్రింగులు, ఇరుసును ముందువెనుకలకు కదలనీయని మూడు కడ్డీలు, పక్కలకు జరుగనీయని 'పాన్‌హార్డ్ కడ్డీ' గలవు. 2015 నమూనాతో మస్టాంగులన్నిటికిని వెనుక చక్రములు విడివిడిగా కదలు అమరిక వచ్చినది. పాత ఇరుసుగల కార్లను మెరుగుపరచగోరువారు ఈ క్రింది విషయములను గమనింపవలెను.

మొదటిది స్ప్రింగు. బరువుచేత స్ప్రింగు 25 సెంటీమీటర్లు కుంగినచో కారు సెకనుకు ఇంచుమించు ఒకమారు ఊగును. ఆ ఊపును సెకనుకు రెండుమార్లు చేయవలెనన్న స్ప్రింగు నాలుగు రెట్లు గట్టిది కావలెను. అప్పుడు కుంగుడు 6 సెంటీమీటర్లకు కొంచెము ఎక్కువ మాత్రమే. గట్టి స్ప్రింగుతో మలుపులో కారు ఒరుగుట తగ్గును. కాని గతుకుల రోడ్డుపై చక్రము ఎగిరిపడును. పైగా బరువైన ఇరుసంతయు చక్రములతోపాటే ఎగయును గనుక ఈ దోషము ఇట్టి కారులో మరింత త్వరగా బయటపడును.

రెండవది డాంపరు. స్ప్రింగు శక్తిని దాచుకొని తిరిగి ఇచ్చునే కాని హరింపదు. నూనెను సన్నని రంధ్రములగుండ నెట్టి ఆ శక్తిని వేడిగా మార్చుట డాంపరు పని. స్ప్రింగును నాలుగు రెట్లు గట్టిపరచినచో, ఊపు మునుపటి తీరుననే అణగుటకు డాంపరు నిరోధము రెట్టింపు కావలెను. కావున ఈ రెంటిని జతగానే ఎంచుకొనవలెను. తరగతిలో ఒక స్ప్రింగునకు బరువు వ్రేలాడదీసి, సాగిన పొడవును, ఊగిన లెక్కను కొలిచి, పిమ్మట ఆ బరువును నీటిలో ముంచి ఊగించినచో ఈ సూత్రములు రెండును విద్యార్థులకు కండ్లకు కట్టును.

మూడవది పాన్‌హార్డ్ కడ్డీ. దాని ఒక కొన ఇరుసునకు, రెండవ కొన కారు చట్రమునకు బిగింపబడియుండును. కావున ఇరుసు పైకిలేచునపుడు తిన్నగా పోక వృత్తఖండముపై కదలును. కడ్డీ పొడవు 100 సెంటీమీటర్లు, లేచిన ఎత్తు 5 సెంటీమీటర్లు అయినచో పక్కకు జరుగుడు 1.25 మిల్లీమీటర్లు. ఇది స్వల్పమే. అయినను పొట్టి స్ప్రింగులతో కారును క్రిందికి దించినపుడు ఇరుసు ఎల్లప్పుడును ఒక ప్రక్కకే ఉండిపోవును. పొడవు సవరించుటకు వీలగు కడ్డీ ఈ లోపమును తీర్చును. 1784లో జేమ్స్ వాట్ ఆవిరియంత్రము కొరకు కల్పించిన కడ్డీల కూర్పును ఇరుసునకు అమర్చినచో ఈ జరుగుడు దాదాపు పోవును. కాని దానికి బరువును, ఖర్చును ఎక్కువ.

నాలుగవది క్రింది కడ్డీల కొనలయందలి రబ్బరు బుష్షులు. యాక్సిలరేటరును హఠాత్తుగా నొక్కినపుడు ఇరుసు మెలితిరిగి రబ్బరు వంగును. మరల వెనుకకు తన్నును. చక్రములు గంతులు వేయును. గట్టి బుష్షులు దీనిని తగ్గించును. కాని రెండు కొనలను బిగదీసినచో, ఒక చక్రము మాత్రమే లేచినపుడు కడ్డీ తిరుగలేక పట్టివేయును. చప్పుడును హెచ్చును.

తుదకు, ఒరుగుటను ఆపు అడ్డకడ్డీ. ఘనకడ్డీ గట్టిదనము వ్యాసము యొక్క నాల్గవ ఘాతమునుబట్టి పెరుగును. 20 మిల్లీమీటర్ల కడ్డీకి బదులు 22 మిల్లీమీటర్లది వేసినచో గట్టిదనము 46 శాతము హెచ్చును! వెనుక అడ్డకడ్డీ గట్టిపడినకొలది మలుపులో వెలుపలి వెనుక చక్రముపై భారము పెరిగి, లోపలి చక్రముపై తగ్గును. టైరుపై భారము రెట్టింపైనను పట్టు రెట్టింపు కాదు. కావున వెనుక చక్రముల మొత్తము పట్టు తగ్గి, కారు తోక వెలుపలికి జారును. తడిరోడ్డుపై దానిని సరిదిద్దుకొను వ్యవధి డ్రైవరునకు చిక్కకపోవచ్చును.

కనుక ఎంపికకు ఒక క్రమము ఉన్నది. మంచి టైర్లు, అరిగిన బుష్షుల మార్పిడి ముందు, జతకూడిన స్ప్రింగులు, డాంపర్లు తరువాత, ఎత్తు మారినచో కడ్డీ సవరణ ఆపైన, అడ్డకడ్డీ కడపట. ఒక్కొక్క మార్పు చేసి, జనసంచారము లేని పరీక్షా మార్గముపై దాని ఫలితమును చూచిన పిదపనే మరియొకటి చేయవలెను. నాలుగింటిని ఒకేమారు మార్చినవానికి మేలు దేనివలన కలిగెనో, కీడు దేనివలన కలిగెనో తెలియదు. ప్రయోగశాలలో ఒకమారు ఒక్క అంశమునే మార్చవలెనను నియమము ఇచ్చటను వర్తించును.