మనిషి తీరు ఎక్కడి నుంచి వస్తుంది?

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని మన పెద్దల మాట. వార్డులో రోగి పక్కన కూర్చున్నవారు మాతో చెప్పేదీ ఇంచుమించు ఇదే. "ఆయన తీరే గంత సిస్టరమ్మా, మొదటి సంది కోపమే." కామారెడ్డి టౌనువారైనా, ఎల్లారెడ్డి వైపు పల్లెలవారైనా ఈ మాట మామూలే. ఇందులో నిజమెంత? మనస్తత్వ శాస్త్రవేత్తలు నూరేళ్లకు పైగా ఈ ప్రశ్న మీద పని చేస్తున్నారు.

మన ఆయుర్వేదం వాత, పిత్త, కఫ ప్రకృతులని చెప్పింది. గ్రీకు వైద్యులు ఒంట్లోని నాలుగు ద్రవాలను బట్టి స్వభావం ఉంటుందన్నారు. ఆ ద్రవాల లెక్క నేటి వైద్యంలో లేదు. అయితే ఒంటికీ స్వభావానికీ సంబంధముందన్న సంగతి మాత్రం నిలిచింది.

వియన్నా డాక్టరు సిగ్మండ్ ఫ్రాయిడ్ 1923లో మనసును మూడు భాగాలుగా వివరించారు. కోరిక వెంటనే తీరాలనేది ఒకటి, తప్పని అదిలించేది ఒకటి, ఈ రెండింటికీ సర్దిచెప్పేది మరొకటి. ఆయన చెప్పిన వాటిలో చాలా వరకు రుజువుకు నిలవలేదు. అయినా ఫ్రాయిడ్, ఆయన కుమార్తె అన్నా చెప్పిన ఒక విషయం మాకు రోజూ కనబడుతుంది. మన భాషలో అది అత్త మీద కోపం దుత్త మీద చూపడమే. రిపోర్టు చూసి భయపడిన మనిషి ఆ భయం బయటికి చెప్పుకోలేక, భార్య తెచ్చిన టిఫిన్ డబ్బాను పక్కకు నెట్టేస్తాడు. ఆమె తన వంట బాగాలేదేమో అనుకుంటుంది!

ఫ్రాయిడ్‌తో కొంతకాలం కలిసి పనిచేసిన యూంగ్ 1921లో అంతర్ముఖులు, బహిర్ముఖులు అనే విభజన చేశారు. ఎక్కువ మాట్లాడని కోడలిని పొగరుబోతు అనేవారు దీన్ని తెలుసుకుంటే మంచిది.

స్వభావంలో చాలా భాగం చూసి నేర్చుకునేదేనని ఆల్బర్ట్ బందూరా అన్నారు. 1961లో ఆయన బృందం చిన్నపిల్లల ముందు పెద్దవారి చేత గాలి బొమ్మను కొట్టించింది. అది చూసిన పిల్లలు తర్వాత అదే బొమ్మను అదే విధంగా కొట్టారు. తండ్రి దుబాయిలోనో మస్కట్‌లోనో ఉన్న ఇళ్లు మన వైపు ఎన్నో. అక్కడ పిల్లలు తాతను, మేనమామను, టీవీని చూసి నేర్చుకుంటారు.

కార్ల్ రోజర్స్ (1902–1987) చెప్పినది నర్సులమైన మాకు బాగా నచ్చుతుంది. షరతులు పెట్టకుండా గౌరవించి, చెప్పేది వింటే మనిషి తనంతట తాను బాగుపడగలడని ఆయన నమ్మకం. (మందులు మానేసిన షుగర్ రోగికి వినడం ఒక్కటే చాలదని మేము కలుపుతాము.)

స్వభావాన్ని కొలవాలని చూసినవారూ ఉన్నారు. 1936లో ఆల్‌పోర్ట్, ఆడ్బర్ట్ కలిసి ఇంగ్లీషు నిఘంటువులో మనుషుల తీరును చెప్పే మాటలు ఏరితే సుమారు 18 వేలు తేలాయి. తరువాతివారు వడపోసి ఐదు ముఖ్య గుణాలకు తెచ్చారు. కొత్తవాటి మీద ఆసక్తి, పనిలో శ్రద్ధ, నలుగురిలో కలివిడితనం, ఇతరుల పట్ల మెత్తదనం, తొందరగా కలత చెందడం. ఇవి అందరిలోనూ ఎక్కువగానో తక్కువగానో ఉంటాయి. కవల పిల్లల మీద జరిగిన పరిశోధనలను బట్టి, మనుషుల మధ్య ఈ తేడాలలో సుమారు సగం వంశపారంపర్యం. కనుక సామెత సగం నిజం. మిగతా సగం పెరిగిన తీరు, పడిన కష్టం, కలిసిన మనుషులు.

స్వభావం మారినా సాధారణంగా ఏళ్ల మీద, మెల్లగా మారుతుంది. నెమ్మదస్తుడు నెల రోజుల్లో అందరి మీదా విరుచుకుపడుతున్నాడంటే అది గుణమని వదిలేయరాదు. 1848లో అమెరికాలో రైలు మార్గం పనిచేయించే ఫినియాస్ గేజ్ అనే మేస్త్రీకి ఇనుప కడ్డీ చెంప నుంచి నడినెత్తి గుండా దూసుకుపోయింది. బతికాడు గానీ, పాత మనిషి కాడని తెలిసినవారు అన్నారు. హైవే మీద బండి పడి తలకు దెబ్బ తగిలినవారి ఇంట్లో ఇది గుర్తుండాలి.

2015 సెప్టెంబరులో ఏం జరిగిందో ఈ ప్రాంతంవారికి తెలుసు. కామారెడ్డి అప్పటికి నిజామాబాద్ జిల్లాలోనే ఉంది. కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరుకు ఆగిపోగానే, అలవాటుపడినవారు ఎందరో వణుకుతూ, నిద్రలేక, సంబంధం లేని మాటలు మాట్లాడుతూ ఆసుపత్రుల పాలయ్యారు. అది వారి స్వభావమూ కాదు, గాలి సోకడమూ కాదు. కల్లులో కలిపే ఆల్ప్రాజోలం, డైజీపాం వంటి మత్తుమందులు ఒక్కసారిగా అందకపోతే మెదడు అలా తిరగబడుతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. అందుకే ఆ అలవాటు ఉన్నవారిని ఇంట్లో బంధించి మాన్పించకండి. డాక్టరు పర్యవేక్షణలో మెల్లగా మాన్పించాలి.

థైరాయిడ్ తగ్గినవారిని బద్ధకస్తులంటారు. మతిమరుపు జబ్బు మొదలైన అవ్వను అనుమానం మనిషంటారు. కాన్పయిన కొద్ది రోజులకు పసిబిడ్డను పట్టించుకోని తల్లిని ఏమంటారో మేము రాయలేము. వీటన్నిటికీ వైద్యం ఉంది. మతిమరుపు జబ్బు పూర్తిగా నయం కాకపోయినా, మందులతో, ఇంటివారి తోడుతో అవ్వ రోజులు తేలికవుతాయి.

మీ ఇంట్లో ఎవరి తీరైనా ఇలా మారితే ఓపీకి వచ్చేటప్పుడు మూడు సంగతులు కాగితం మీద రాసుకురండి: మార్పు ఏ నెలలో మొదలైంది, నిద్ర, తిండి ఎలా ఉన్నాయి, ఏ మందులు లేదా మత్తు వాడుతున్నారు. రాలేనివారు టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు. 2022 అక్టోబరులో ప్రారంభమైన ఈ ప్రభుత్వ సేవ ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడతారు.