అనాసపండు విడతలుగా సంతకు వచ్చుట ఎట్లు?

సింహాచలము కొండ మీది అనాసపండును ఎరుగనివారు ఉత్తరాంధ్రలో అరుదు. పార్వతీపురం మన్యం జిల్లాలోని సీతంపేట కొండలలో సవరలు పోడువాలులలో దీనిని పండించి సంతలకు దింపుచున్నారు. ఇంతగా మనదైన ఈ మొక్కకు పుట్టినిల్లు దక్షిణ అమెరికా. 1493లో కొలంబసు గ్వాడెలూప్ దీవిలో దీనిని చూచెను. పదునారవ శతాబ్దిలో పోర్చుగీసువారు మన దేశమునకు తెచ్చిరి.

పండించుటలో కన్న అమ్ముటలోనే రైతునకు చిక్కు ఎక్కువ. వానకాలపు తొలి నెలలలో ఊరూరి పండు ఒక్కమారే సంతకు దిగును. పక్వమైన పండు కొలది దినములకు మించి నిలువదు. కావడిలో దింపిన పండును మరల కొండ ఎక్కించువాడెవడు? కొనువాడు చెప్పినదే ధర యగును. ఈ భయముతో కొందరు పచ్చికాయనే కోయుదురు. అది మరింత నష్టము. మామిడి, అరటి వలె అనాస కోసిన పిమ్మట తీపెక్కదు. తొక్క పసుపెక్కినను లోని పులుపు విరుగదు. అట్టి కాయ తిన్నవాడు మరల ఆ ఊరి పండు కొనునా?

ఊరి పంటను విడతలుగా రప్పించుట సాధ్యమేనని పంచాయతీ సభ్యులకు మేము మనవి చేయుచున్నాము. దీనికి మొదటి మెట్టు పిలకల ఎంపిక. మొక్క మొదట వచ్చు పిలకలు నాటిన ఏడాదిన్నర లోపుగా కాపునకు వచ్చును. పండుపై నుండు ఆకుల కిరీటమును నాటినచో మరికొన్ని నెలలు పట్టును. పెద్దవి, చిన్నవి కలిపి నాటిన తోట ఏకరీతిగా ఎదుగదు. కావున 300 నుండి 400 గ్రాముల పిలకలను ఏరి, అడుగు ఆకులు ఒలిచి, కొలది దినములు నీడన ఆరవేసి నాటవలెను. మడిని భాగములుగా చేసి, ఒక్కొక్క దానిని కొన్ని వారముల ఎడముతో నాటుట మేలు.

అనాసకు వేరు లోతు తక్కువ. నీరు నిలిచిన చోట అది కుళ్ళిపోవును. పులుపు గుణము గల గరపనేల దీనికి హితము. చదునునేలలో జంటవరుసల నడుమ 90 సెంటీమీటర్లు, జంటలోని రెండు వరుసల నడుమ 60, మొక్కకు మొక్కకు 30 ఎడమిచ్చినచో ఎకరమునకు సుమారు 17,500 మొక్కలు పట్టును. కొండవాలున ఇంత చిక్కగా నాటరాదు. అచట వరుసలు వాలునకు అడ్డముగానే సాగవలెను. పై నుండి క్రిందికి సాళ్ళు తీసినచో ఒక్క జడివానకు పైమన్ను వాగు పాలగును. ఆ మన్ను ఊరి చెరువులోనే పేరుకొనును. ఇది ఒక్క రైతు నష్టముతో పోవునది కాదు గనుక పంచాయతీ పట్టించుకొనవలెను. సాళ్ళ నడుమ ఎండుగడ్డి పరచుట తేమకును మంచిది, మంటికిని మంచిది.

రెండవ మెట్టు పూత రప్పించుట. 20 లీటర్ల నీటిలో 39 శాతపు ఎథిఫాన్ మందు ఒకటింపావు మిల్లీలీటరు, యూరియా 400 గ్రాములు, కాల్షియం కార్బొనేటు 8 గ్రాములు కలిపి, మొక్క నడిబొడ్డున 50 మిల్లీలీటర్ల చొప్పున పోయవలెను. 400 మొక్కలకు ఇది చాలును. వాన లేని దినము చూడవలెను. మొక్కకు 35 నుండి 40 ఆకులుండవలెను. లేతమొక్కకు పోసినచో పండు గిడసబారును. సుమారు 40 దినములకు పూత కనబడును. ఆపై నాలుగున్నర నెలలకు పండు కోతకు వచ్చును. చలిదినములలో ఇంకను కొంత జాగు కావచ్చును. ఉగాదికి పండు కావలెనన్న సెప్టెంబరు నెలలో, తెరపి చూచి, మందు పోయవలెను. అయితే ఊరంతయు ఒకే వారమున పోసినచో పాత కథయే! ఎవరి మడికి ఏ నెలయో గ్రామసభలోనే కూర్చుండి వంతులు వేసికొనుట యుక్తము.

చీమలు బారులు తీరిన మొక్కలను విడువక చూడవలెను. అవి పిండినల్లిని కాపాడి, ఒక మొక్క నుండి మరియొక దానికి చేరవేయును. ఆ నల్లి వలన తోట ఎఱ్ఱబారి వడలును. అట్టి మొక్కల పిలకలను ఇరుగుపొరుగునకు ఇయ్యరాదు.

షెడ్యూల్డు ప్రాంతములలో గ్రామ సంతల నిర్వహణాధికారమును గ్రామసభలకు, పంచాయతీలకు కల్పించవలెనని 1996 నాటి పెసా చట్టము చెప్పుచున్నది. తూకపు కాటా ఒకటి, పండ్లు దింపుకొనుటకు నీడనిచ్చు పాక యొకటి సంతలో నిలిపినచో, ఎండకు పండు చెడునను బెదురుతో తొందరపడి అమ్ముకొను అగత్యము రైతునకు తగ్గును.