చెడిన మెమొరీ కార్డు, చెడని చిత్రములు

కొంతకాలము క్రిందట నిడమనూరులో మా బంధువుల యింట పెండ్లి జరిగినది. తలంబ్రాలు ముగిసి అప్పగింతల వేళ యగుసరికి, ఫొటోలు తీయుచున్న యువకుని కెమెరా మొరాయించినది. కార్డును చదువుట సాధ్యము కాదనియు, ఫార్మాటు చేయవలసినదనియు దాని తెరపై వ్రాత కనబడినది. ప్రొద్దుటినుండి తీసిన చిత్రములన్నియు అందులోనే యున్నవి. మంచము దిగుటయే కష్టమైన నాయనమ్మను పందిరిలోనికి నడిపించుకొని వచ్చి మనుమరాలిని దీవింపజేసిన చిత్రము కూడ అందే కలదు. వేరొక దారి తోచక ఆ యువకుడు ‘సరే’ యను మీటను నొక్కబోవుచుండగా మేము చేయి పట్టుకొని ఆపితిమి.

తెరపై వ్రాతలో సగమే నిజము. కార్డు చదువబడుట లేదనుట నిజమే. చిత్రములు పోయినవని దాని యర్థము కాదు.

ఈ కార్డులలో నుండునది ఫ్లాష్ మెమొరీ. జపాను దేశమున తోషిబా సంస్థలో పనిచేసిన ఫుజియో మసుఓకా 1980 ప్రాంతముల దానిని రూపొందించెను. కెమెరాలలో నేడు విరివిగా వాడు ఎస్.డి. కార్డును 1999లో తోషిబా, మత్సుషిట, శాన్‌డిస్క్ సంస్థలు కలిసి ప్రకటించినవి. అతి సూక్ష్మమైన గదులలో విద్యుదావేశము బంధింపబడి యుండుటచే, బ్యాటరీ తీసివేసినను చిత్రము చెరగదు. అయితే ఏ చిత్రము ఏ గదులలో నున్నదో తెలుపు పట్టిక వేరుగా నుండును. పూర్వము పట్వారీ యొద్ద నుండిన పహాణీ వంటిదే యిది. పహాణీ పుటలు తడిసి చెదరినచో ఏ సర్వే నంబరు ఎవరిదో చెప్పజాలక పట్వారీ తల పట్టుకొనునే కాని, సాగర్ ఎడమకాలువ క్రింది మడి ఎచ్చటికిని పోదు.

ఫార్మాటు చేయుట యనగా పాత పహాణీని తీసివేసి తెల్లపుస్తకము తెరచుట. సాధారణమైన ఫార్మాటు మడిని దున్నదు. దున్నునది ఆ పిమ్మట తీసిన క్రొత్త ఫొటో. అది పాత చిత్రమున్న గదులలోనే కూర్చుండినచో ఇక దానిని తెచ్చువారు లేరు. కొన్ని కెమెరాలలో ‘లో లెవెల్ ఫార్మాట్’ అనునది వేరుగా కలదు. అది నిజముగనే దున్నివేయును. కనుక తొందరలో ఏ మీటను నొక్కితిమో తెలియని స్థితి తెచ్చుకొనరాదు.

పట్టిక చెదరుటకు కారణములు చాల సామాన్యమైనవి. ఎర్రదీపము మిణుకుచుండగా, అనగా కెమెరా ఇంకను వ్రాయుచుండగా, కార్డును లాగివేయుట. వ్రాయునప్పుడే బ్యాటరీ అయిపోవుట. పేరుకు పెద్దదై లోపల చిన్నదైన నకిలీ కార్డు. పలుమార్లు చెరిపి వ్రాయుటచే అరిగిపోయిన గదులు. పెండ్లివారి తొందరలో మొదటిదే యెక్కువ.

ఆ రాత్రియే కార్డును మిర్యాలగూడలోని మిత్రుని కంప్యూటరు నొద్దకు కొనిపోయితిమి. ముందుగా కార్డు ప్రక్కనున్న చిన్న జారుడు మీటను ‘లాక్’ వైపునకు జరిపితిమి. రాగిరేకుల వంటి కొనలను పొడిగుడ్డతో తుడిచి, వేరొక రీడరులో పెట్టి చూచితిమి. ఒక్కొక్కప్పుడు దోషము రీడరుదే యగును. కంప్యూటరును ఫార్మాటు చేయుదునా యని అడిగినది. వలదంటిమి. విండోస్‌లోని ‘చెక్‌డిస్క్’ పట్టికను బాగుచేయును గాని, బాగుచేయుటలో కార్డుపై వ్రాయును. దానిని చిత్రములు తీసికొనిన పిమ్మటనే వాడవలెను.

మేము వాడినది ఫొటోరెక్ అను ఉచిత సాధనము. అది పట్టికను నమ్ముకొనదు. ప్రతి జెపెగ్ చిత్రమునకు ఆరంభమున నియతమైన గుర్తు లుండును. వాటిని వెదకుచు గది తరువాత గది తడవును. దొరికిన వానిని అదే కార్డుపై దాచరాదు, కంప్యూటరులోనే దాచవలెను. ఇది మరచి చేజేతుల పోగొట్టుకొనినవారు కలరు.

చిత్రములు భద్రమైన తరువాతనే ఫార్మాటు. దానిని వాడబోవు కెమెరాలోనే చేయుట మేలు. తనకు వలసిన అమరికను అది తానే వేసికొనును. కంప్యూటరులో చేయవలసివచ్చినచో ఎస్.డి. అసోసియేషన్ ఉచితముగ నిచ్చు ఫార్మాటరు కలదు. అది 2 గిగాబైట్లకు మించి 32 గిగాబైట్ల వరకు గల కార్డులకు ఫ్యాట్ 32 పద్ధతిని, అంతకు మించినవానికి ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిని తానే ఎంచుకొనును.

తెల్లవారుసరికి చిత్రములు దాదాపుగ అన్నియు వచ్చినవి. ఏడెనిమిదింటికి క్రిందిసగము బూడిదరంగు పలకయై మిగిలినది. పేర్లు, వరుస పోయినవి గాని, తీసిన వేళ ప్రతి చిత్రము లోపలనే వ్రాయబడియుండుటచే మరల వరుస కూర్చుట సాధ్యమైనది. నాయనమ్మ దీవెన భోజనపు బంతుల నడుమ దొరకినది, చెక్కుచెదరక. కార్డును ఫార్మాటు చేసి పరీక్షగా మరల నింపి చూడగా రెండవసారియు తప్పులు చూపినది. దానిని ఆ యువకుని చేతనే కత్తెరతో రెండుగా కోయించితిమి.