హాస్టల్ గదిలో పెంపుడు నేస్తం: శాస్త్రం ఏం చెబుతోంది?

తెలుగువారికి ఖరగ్‌పూర్ కొత్త ఊరేమీ కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లోనే మన ప్రాంతం నుంచి ఎందరో ఉద్యోగాల కోసం వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. 1951లో ఆ ఊరి పక్కనే ఉన్న హిజ్లీలో, బ్రిటిష్ కాలపు నిర్బంధ శిబిరం భవనంలో దేశంలోని తొలి ఐఐటీ మొదలైంది. ఇప్పుడు అక్కడ వేల మంది విద్యార్థులు ‘హాల్’ అని పిలిచే హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్నారు.

ఇంట్లో కుక్కతోనో పిల్లితోనో పెరిగిన పిల్లలు కొందరు అమ్మకు ఫోన్ చేస్తే ముందు అడిగేది దాని సంగతే. చదువుల ఒత్తిడి, ఇంటి బెంగ ఉన్నచోట ఆ నేస్తాన్ని కూడా గదిలో ఉంచుకోనిస్తే మేలు జరుగుతుందా?

పది నిమిషాల నిమురుడు

అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో 249 మంది విద్యార్థులపై జరిపిన అధ్యయనం 2019లో వెలువడింది. ఒక బృందం పది నిమిషాలపాటు కుక్కలను, పిల్లులను నిమురుతూ ఆడుకుంది. మరో బృందం దూరం నుంచి చూసింది. ఇంకొక బృందం వాటి ఫొటోలు చూసింది. నాలుగో బృందం ఊరికే తమ వంతు కోసం వేచి ఉంది. తర్వాత అందరి లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్‌ను కొలిచారు. జంతువులను స్వయంగా తాకిన వారిలో అది మిగతావారి కంటే తక్కువగా ఉంది.

కుక్క, యజమాని ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకున్నప్పుడు ఇద్దరిలోనూ అనుబంధాన్ని పెంచే ఆక్సిటోసిన్ పెరుగుతుందని 2015లో జపాన్ శాస్త్రవేత్తలు గుర్తించారు.

అయితే ఇవి కొద్దిసేపట్లో కనిపించిన మార్పులు. జంతువును ఏళ్ల తరబడి పెంచుకునేవారి మానసిక ఆరోగ్యం ఇతరుల కంటే మెరుగ్గా ఉంటుందా అన్న విషయంలో పరిశోధనల ఫలితాలు ఒకేలా లేవు. కాబట్టి కుంగుబాటుతో బాధపడే విద్యార్థికి వైద్యుడు, కౌన్సెలర్ అవసరమే. పెంపుడు జంతువు తోడుగా ఉండగలదు కానీ చికిత్స చేయలేదు.

పక్క మంచం మీద ఉన్నవారి మాటేమిటి?

హాస్టల్ అంటే పదిమంది కలిసి బతికే చోటు. పిల్లి లాలాజలంలో, చర్మగ్రంథుల్లో తయారయ్యే ఒక ప్రోటీన్ కొందరిలో తుమ్ములు, ఉబ్బసం తెప్పిస్తుంది. అతి సన్నని కణాలుగా అది గాలిలో తేలుతూ, దుప్పట్లకు అంటుకుని, పిల్లి వెళ్లిపోయిన తర్వాత కూడా నెలల తరబడి ఉండిపోతుంది.

రేబిస్ ఇంకా తీవ్రమైన విషయం. లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. పెంపుడు కుక్కకు మూడు నెలల వయసులో తొలి టీకా, తర్వాత క్రమం తప్పకుండా బూస్టర్లు వేయించాలి. కరిచినా గీరినా గాయాన్ని ధారగా పారే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

క్యాంపస్‌లో తిరిగే వీధికుక్కల సమస్య వేరు. విద్యాసంస్థల ఆవరణల నుంచి వాటిని తరలించాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. యజమాని, టీకా పత్రం ఉన్న పెంపుడు కుక్కను ఆ గాటన కట్టకూడదు.

సెలవులు వస్తే?

జంతువు వైపు నుంచి కూడా ఆలోచించాలి. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాచి రొప్పడం ద్వారానే ఒంట్లోని వేడిని ఎక్కువగా తగ్గించుకుంటుంది. ఖరగ్‌పూర్ వేసవిలోలా ఎండకు ఉక్కపోత తోడైతే ఆ పద్ధతి సరిగా పనిచేయదు. యజమాని రోజంతా తరగతుల్లో, ల్యాబ్‌లో ఉంటే, మూసిన గదిలో ఒంటరిగా మిగిలిన కుక్కకు వడదెబ్బ తగిలే ప్రమాదం ఉంది.

ఇక ప్రయాణం. ఖరగ్‌పూర్ నుంచి విజయవాడ వెయ్యి కిలోమీటర్లకు పైనే. రైల్లో కుక్కను వెంట ఉంచుకోవాలంటే ఫస్ట్ క్లాసులో కూపే మొత్తం తీసుకోవాలి. లేదంటే దాన్ని బ్రేక్ వ్యాన్‌లోని పెట్టెలో పంపాలి. విద్యార్థికి ఇది ప్రతి సెలవులకూ సాధ్యమయ్యే పని కాదు. పైగా బీటెక్ నాలుగేళ్లు, కుక్క ఆయుష్షు పది నుంచి పదిహేనేళ్లు. డిగ్రీ చేతికొచ్చాక దాన్ని ఎవరు చూసుకుంటారు? జవాబు లేకపోతే క్యాంపస్‌లో మరో వీధికుక్క మిగులుతుంది.

దారి ఉంది

అమెరికాలోని ఫ్లోరిడాలో ఎకర్డ్ కళాశాల 1973 నుంచి విద్యార్థులను పెంపుడు జంతువులతో ఉండనిస్తోంది. అయితే అన్ని హాస్టళ్లలోనూ కాదు, అందుకు కేటాయించిన వాటిలోనే. మన దగ్గరా అలా ఒక బ్లాకును వేరు చేయవచ్చు. అందులో ఒక్కరుండే గదులు, టీకాల నమోదు, అందుబాటులో పశువైద్యుడు, సెలవుల్లో చూసుకునే వ్యక్తి పేరుతో హామీ పత్రం తప్పనిసరి చేయాలి. మిగతా విద్యార్థుల కోసం పరీక్షల రోజుల్లో శిక్షణ పొందిన కుక్కలను కాసేపు తీసుకురావచ్చు. అధ్యయనంలో కనిపించిన మేలు పది నిమిషాలదే కనుక, దాన్ని పొందడానికి ప్రతి ఒక్కరూ సొంతంగా కుక్కను పెంచుకోనక్కర్లేదు.

సొంతంగా పెంచుకోదలచిన వారు మాత్రం వచ్చే మే నెలలో అది ఎక్కడుంటుందో ముందే తేల్చుకుని, ఆ తర్వాతే ఇంటి నుంచి తెచ్చుకోవాలి.