కాస్త నడుం వాల్చండి!

మధ్యాహ్నం రెండు గంటలు. వంటిల్లు సర్ది, ఆరిన బట్టలు మడతపెట్టి, హమ్మయ్య అని కాసేపు నడుం వాల్చారనుకోండి. ఎవరైనా వచ్చి 'పడుకున్నారా?' అని అడిగితే చాలు, 'అబ్బే, లేదండీ' అనేస్తారు చాలామంది ఆడవాళ్లు. పగలు పడుకోవడం బద్ధకం కిందే జమ మరి!

నిజానికి అందులో బద్ధకమేమీ లేదు. మధ్యాహ్నం ఒంటిగంట, మూడు గంటల మధ్య మనిషిలో చురుకుదనం సహజంగానే తగ్గుతుంది. భోజనం మానేసినా ఆ మగత రాకమానదు. పైగా మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ, నిద్ర కావాలని పోరుతుంటుంది. తెల్లవారుజామున అయిదింటికి లేచే ఇల్లాలికి మధ్యాహ్నం రెండయ్యేసరికే తొమ్మిది గంటలు గడిచిపోయాయి కదా!

అమెరికా అంతరిక్ష సంస్థ నాసా దూరప్రాంతాలకు విమానాలు నడిపే పైలట్ల మీద పరిశీలన జరిపింది. నలభై నిమిషాల విరామం ఇస్తే వారు సగటున 26 నిమిషాలు నిద్రపోయారు. కునుకు తీయని వారికంటే వీరే ప్రయాణం చివర్లో చురుగ్గా ఉన్నారని తేలింది.

ఇల్లాలికి ఇంటర్వెల్ ఏదీ?

ఫ్యాక్టరీ కార్మికులతో ఏకధాటిగా అయిదు గంటలకు మించి పని చేయించకూడదనీ, మధ్యలో కనీసం అరగంట విరామం ఇవ్వాలనీ 1948లోనే చట్టం చేశారు. రోజంతా నిలబడి అమ్మే దుకాణాల సిబ్బందికి కూర్చునే హక్కు కల్పిస్తూ కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించాయి. ఇంటి చాకిరీకి మాత్రం అలాంటి ఏర్పాటేదీ లేదు. 2019లో కేంద్రం జరిపిన సర్వే ప్రకారం ఇంటిపనులు చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు వాటికే వెచ్చిస్తుంటే, మగవాళ్లు 97 నిమిషాలే. ఉద్యోగం కూడా ఉంటే లంచ్ టైమ్ కాస్తా ఫోన్లకీ, బ్యాంకు పనులకీ సరి!

ఇలా చేసి చూడండి

* పదిహేను, ఇరవై నిమిషాలు చాలు. అలారం పెట్టుకోండి. అరగంట దాటితే గాఢనిద్రలోకి జారి, లేచాక తల దిమ్ముగా ఉంటుంది.

* మూడు గంటల లోపే పడుకోండి. ఆలస్యమైతే రాత్రి నిద్ర చెడుతుంది.

* ఆఫీసులో మంచం దొరకదు. భోజనమయ్యాక కుర్చీలో వెనక్కి వాలి పది నిమిషాలు కళ్లు మూసుకోండి. నిద్ర పట్టకపోయినా సేద తీరుతుంది.

* పగటినిద్ర వద్దనే ఆయుర్వేదం కూడా ఎండాకాలంలోనూ, పనితో అలసిపోయిన వారికీ మినహాయింపు ఇచ్చింది.

* రాత్రిళ్లు నిద్ర పట్టనివారు పగలు పడుకోకపోవడమే మేలు. రాత్రి బాగా నిద్రపోయినా రోజూ తూగుతుంటే డాక్టరుకు చూపించుకోండి. రక్తహీనత, థైరాయిడ్, షుగర్ వంటివి కారణం కావచ్చు.

అన్నిటికంటే ముఖ్యం, ఈ కునుకును దొంగచాటుగా తీయకండి. 'ఈ అరగంట నాది' అని ఇంట్లో అందరికీ చెప్పండి. అమ్మ చాటుగా పడుకోవడం చూసి పెరిగిన కూతురు రేపు తానూ అలాగే చేస్తుంది. సాయంత్రం టిఫిను ఇరవై నిమిషాలు ఆలస్యమైతే కొంపలేం మునిగిపోవు!